గూని బండి తోలిన మనిషి

మనిషికి పేరు పెట్టేది తల్లీదండ్రీ అంటారు గానీ, అదంతా ఉత్తమాట. వాళ్లు పెట్టింది కాగితాల్లో పడుంటుంది. వీధి పెట్టిందే ఒంటికి అంటుకుంటుంది. మా సీట్లక్క మొగుణ్ణే చూడండి. వాళ్లమ్మ ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఇప్పుడు ఎవరికి గుర్తుంది? అందరికీ ఆయన 'కునుకు'. "ఏం కునుకూ, ఎటు పోతున్నావు?" అని పెద్దవాళ్లు పలకరిస్తారు. వేలెడు లేని వెధవలు ఆయన వెనకాలే నడుస్తూ గురక పెడతారు. వాళ్లనని ఏం లాభం! పెద్దవాళ్లు నవ్వబట్టే కదా పిల్లలు నేర్చింది.

ఆయనకు నలుగురిలో కళ్లు మూసుకోవడమంటే భయం. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని కూర్చుంటాడు తప్ప పగలు నడుం వాల్చడు. మంగలి దగ్గరికి పోతే అదొక తంటా. "కళ్లు మూసుకో అన్నా, వెంట్రుకలు పడతాయి" అని అతను మొత్తుకుంటాడు. "పడనీలే" అని ఈయన గుడ్లు మిటకరించుకునే కూర్చుంటాడు. ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొస్తే సీట్లక్క తడిగుడ్డ తెచ్చి తుడుస్తుంది. తుడుస్తున్నంతసేపూ నోరు మెదపదు. ఆ పేరు ఆయన నెత్తిన పడటానికి కారణం ఆవిడే. ఆ సంగతి ఆయనకు కూడా తెలీదు.

సీట్లక్క అంటే బండ్ల సీట్లు కుట్టే ఆవిడ. లారీల సీట్లు, వ్యాన్ల సీట్లు, ఒక్కోసారి పళ్ల డాక్టరుగారి కుర్చీ కూడా ఆవిడ మిషను కిందికే వస్తుంది. రోడ్డు వైపు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. ఆవిడ తమ్ముడు మెకానిక్కు, అందరూ మేస్త్రీ అంటారు. అతని షెడ్డు రెండు వీధుల అవతల. మొగుడు డ్రైవరు. ఒకరు ఇంజను బాగుచేస్తే, ఒకరు సీటు కుడితే, ఒకరు తోలేవారు. ముగ్గురికీ కలిపి ఒక బండి ఉండేది.

ఆ బండి మొదట్లో రొట్టెల కార్ఖానాది, వెనక తొట్టి ఉన్న పికప్పు. పెట్రోలుది. అది తాగే తాగుడుకి యజమాని దణ్ణం పెట్టి వదిలించుకుంటే సీట్లక్క మొగుడు కొన్నాడు. కొన్నాళ్లకు ఆయనా తల పట్టుకున్నాడు. అప్పుడు మేస్త్రీ, "బావా, ఆ ఇంజను పీకేసి డీజిల్‌ది ఎక్కిద్దాం" అన్నాడు. ఎక్కడో బోల్తా కొట్టిన వ్యాను ఇంజను తెచ్చి, గొలుసుకు వేలాడదీసి దింపితే, అది కూర్చోదే! కింద ఇరుసు తగిలింది, పైన బానెట్ మూతపడలేదు. చివరికి బానెట్‌కు చిల్లు కోసి, పైన రేకుతో బుడిపె ఒకటి వెల్డింగు చేశారు. అందుకే దాన్ని ఊరంతా గూని బండి అంది.

తాళం తిప్పితే ఆ ఇంజను ఆగేది కాదు. ఆపడానికి డాష్‌బోర్డు కింద ఒక వైరు పట్టి లాగాలి. "మా ఆవిడ నోటికి కూడా ఇలాంటి వైరొకటి పెట్టరా బావమరిదీ" అనేవాడు ఆయన. "ముందు నీ నాలిక్కి పెట్టించుకో" అనేది సీట్లక్క. అవి మంచి రోజులు. ఆ బండి మీదే ఇల్లు గడిచింది, కూతురి చదువు సాగింది. మేస్త్రీకి ఒక్కటే జబ్బు, పనికొచ్చేదేదీ పారెయ్యడు. పాత ఇంజనుకున్న బోల్టులు, క్లిప్పులు, పైపులు, ఏది సరిపోతే అది కొత్తదానికి వేసేవాడు. "బాగున్నదాన్ని పారేస్తే కళ్లు పోతాయి" అనేవాడు. ఆ మాటకు అందరూ అతన్ని మెచ్చుకునేవారు కూడాను.

ఇక ఆ పాడు రోజు. టైల్సు ఫ్యాక్టరీ గుట్ట మీద ఉంటుంది. అక్కణ్ణుంచి లోడుతో దిగుతుంటే, వాలు చివర మలుపులో బ్రేకు పడలేదు. ఆయన బండిని మనుషుల మీదికి పోనివ్వకుండా పక్కకు కోశాడు. ఆ పక్కన చిన్న అద్దాల పెట్టె పెట్టుకుని చేతి గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. గడియారాలాయన ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి నలిగిపోయింది. వేళ్లు మళ్లీ వంగలేదు. సన్నని ముల్లును పట్టుకుని నిలబెట్టే చెయ్యి అది! వేరే ఏ పని చేసేవాడికి పోయినా ఇంత ఘోరం అయ్యుండేది కాదేమో.

సీట్లక్క చేతిలో కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. మొగుడు తల పగిలి రోడ్డు పక్కన స్పృహ తప్పి పడున్నాడు. జనంలోంచి ఎవడో "తాగి తోలాడు!" అని అరిచాడు. ఆ పక్కవాడు "అవునవును" అన్నాడు. వాడేం చూశాడో వాడికే తెలియాలి. వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆయన మొహం మీదికి వంగి వాసన చూస్తున్నాడు. తాగాడని రాస్తే మొగుణ్ణి ఆస్పత్రి నుంచి అటే జైలుకు పట్టుకుపోతారని సీట్లక్క గుండె జారిపోయింది. "అయ్యా, ఆయనకు ఆ అలవాటే లేదు! నిద్ర చాలలేదు, అంతే. బయలుదేరేముందు నాకు ఫోను చేసి, కళ్లు మూతలు పడుతున్నాయే అన్నాడు" అనేసింది.

ఫోనూ లేదు, పాడూ లేదు. ముందురోజు రాత్రి ఆయన శుభ్రంగా తిని, శుభ్రంగా పడుకున్నాడు. నోరా, వీపుకు చేటు తేకే అంటారు. ఆవిడ నోరు మొగుడి వీపుకు తెచ్చింది.

మర్నాడు షెడ్డులో ఇన్‌స్పెక్టరు ఎదురుగా మేస్త్రీ బండి స్టార్టు చేసి బ్రేకు తొక్కి చూశాడు. మెత్తగా దిగింది, గట్టిగా పట్టింది. ఆవరణలో అటూ ఇటూ తిప్పి చూశాడు. బంగారంలా పనిచేసింది. "బ్రేకులో ఏ లోపమూ లేదు సార్" అన్నాడు. అతను అబద్ధమాడలేదు, చూసిందే చెప్పాడు. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. అలా ఒక పక్క అక్కా, ఒక పక్క తమ్ముడూ కలిసి ఆ మనిషిని నిద్రపుచ్చేశారు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచాక ఆయనకు ఆ రోజు సంగతులేవీ సరిగ్గా గుర్తులేవు. ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో, అంతా మసక. ఒక్క ముక్క మాత్రం మళ్లీ మళ్లీ అనేవాడు. "ఒకసారి తొక్కితే పట్టిందే. రెండోసారి కొంచెం పట్టింది. మూడోసారికి పెడలు రాయైపోయింది." ఎవరూ పట్టించుకోలేదు. తలకు దెబ్బ తగిలింది కదా అన్నారు. ఒకరోజు సీట్లక్కను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "నేను నిజంగా నీకు ఫోను చేసి అలా అన్నానా?"

సీట్లక్క గబగబా లెక్క వేసుకుంది. లేదంటే ఈయన బయటికెళ్లి ఆ మాటే అంటాడు, అన్నాడంటే ఇన్‌స్పెక్టరు చెవిన పడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. "అన్నావు" అంది. ఆయన తల ఊపి అటు తిరిగి పడుకున్నాడు. బ్రేకు బాగుందని తమ్ముడు చెప్పాక, కునుకు పట్టే ఉంటుందిలే అని ఆవిడ కూడా సర్దిచెప్పుకుంది. నేను చెప్పింది అబద్ధమైనా జరిగింది నిజమే కదా అనుకుంది. అలా అనుకుంటే తప్ప ఆ ఇంట్లో వంట చెయ్యలేదు, ఆయన మొహం చూడలేదు.

లైసెన్సు కొన్నాళ్లు ఆపి మళ్లీ ఇచ్చారు. ఇచ్చి ఏం లాభం, కునుక్కి బండి ఎవడిస్తాడు? కావలి పనికి పోదామన్నా నవ్వారు. పాత సీట్ల గుడ్డ ఊడదీసి, నలిగిన ఫోము పీకి, సీట్లక్కకు అందించడమే ఆయన పనైపోయింది. వారానికోసారి మాత్రం చొక్కా మార్చుకుని గడియారాలాయన ఇంటికి పోయేవాడు. గుమ్మంలో కూర్చుని, "తప్పైపోయిందండీ" అనేవాడు. గడియారాలాయన మొదట్లో తలుపు వేసుకునేవాడు. తర్వాత వెయ్యడం మానేశాడు. ఇద్దరూ చెరో వైపు చూస్తూ కాసేపు కూర్చునేవారు. అంతే.

గూని బండి షెడ్డు వెనక తుప్పు పట్టిపోయింది. నాలుగేళ్లు దాని మొహం ఎవరూ చూడలేదు. చూసింది కూతురే.

ఆ పిల్లకు తండ్రి పనితనం వచ్చింది. లైసెన్సు తెచ్చుకుంది, అద్దె బండ్లు తోలింది, కుర్చీలు బల్లలు చేసే కొట్టువాళ్లతో మాట్లాడుకుని ఇళ్లకు సరుకు చేరవేసే పని ఖాయం చేసుకుంది. "మామయ్యా, మన బండి లేపుదాం" అంది. ఆ కొట్టు గోడౌను గుట్ట మీద ఉంది. అదే వాలు, అదే మలుపు. మేస్త్రీ ఎగిరి గంతేశాడు. నాజిళ్లు మార్చాడు, క్లచ్ మార్చాడు, తుప్పు తినేసిన తొట్టి అడుగుకు కొత్త రేకు కొట్టాడు. సీటు సీట్లక్క వంతు. తండ్రి ఒక్కడే ఉలకలేదు, పలకలేదు. తీరా బండి నిలబడ్డాక రోజూ షెడ్డుకొచ్చి ఒకటే మాట.

"బ్రేకు చూశావా?"

"చూశాను బావా. లైనింగులు కొత్తవి, ఆయిలు కొత్తది. నువ్వే తొక్కి చూడు, వెన్నలా ఉంది."

ఆయన తొక్కి చూసేవాడు. వెన్నలాగే ఉండేది. దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ మొదలు. "ఇంకోసారి చూడరా."

మేస్త్రీకి ఒళ్లు మండేది. "చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి బావా! లోపం లేదంటే ఎక్కణ్ణుంచి తేను? నేను పుట్టించాలా?"

ఒకరోజు భోజనాల దగ్గర ఆయన కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. "అమ్మా, నువ్వా బండి ఎక్కొద్దు" అన్నాడు కూతురితో.

"నాన్నా, కొట్టువాళ్లకు మాటిచ్చేశాను. ఎల్లుండి మొదటి లోడు. ఎందుకు ఎక్కొద్దో చెప్పు."

"బ్రేకు రాయవుతుంది."

"మామయ్య ఎన్నిసార్లు చూశాడు!"

"అయినా అవుతుంది. అయిందంటే అయిందే."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సీట్లక్కకు ఎక్కడలేని కోపమొచ్చింది. కోపమా, భయమా అంటే రెండూ అనుకోండి. ఆ సంగతి తవ్వినకొద్దీ తన అబద్ధం బయటపడుతుందని లోపల ఒక మూల వణుకు. ఆ వణుకే నోట్లోంచి కోపంగా వచ్చింది. "నీ బతుకు ఎలాగూ ఇలా అయింది, దాన్నైనా బతకనియ్యి! నీ కునుక్కి బండి మీద నింద ఎందుకు వేస్తావు?"

వీధి అంతా అనే మాటే. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ ఎన్నడూ అనలేదు. ఆయన పెళ్లాం మొహం చూశాడు, కంచం చూశాడు. చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి పోయి పాత సీటు ఒకటి ముందేసుకున్నాడు. ఆ రాత్రంతా మేకులు పీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సీట్లక్క పడక మీద అటూ ఇటూ దొర్లింది గానీ, లేచి వెళ్లి ఒక్క మాట అనలేకపోయింది. అడుసు తొక్కడమే తెలుసు మనుషులకు, కాలు కడుక్కోవడం ఎవరికి చాతనవుతుంది?

మర్నాడు మధ్యాహ్నం సీటు బిగించడానికి షెడ్డుకు పోయింది. పిల్ల కొట్టువాళ్లతో మాట్లాడటానికి పోయింది. మేస్త్రీ ఇంజను నడుస్తూ ఉండనిచ్చాడు. రేడియేటరు కొత్తగా అతుకు వేయించాడు, ఎండలో గంటసేపు నడిచినా నీళ్లు మరగకుండా ఉంటాయో లేదో చూడాలట. "అక్కా, అది నడుస్తూ ఉంటుంది, నీ పని నువ్వు చేసుకో" అని తను పక్క బండి కిందికి దూరాడు.

సీటు బిగించడం చూసినవాళ్లకు తెలుస్తుంది, అది చేతులతో చేసే పని కాదు, ఒళ్లంతటితో చేసే పని. ఫోము మీద రెగ్జిన్ పరిచి, అంచును కింది చట్రంలోకి లాగి పట్టాలి. లాగాలంటే కాలికి ఊత కావాలి. సీట్లక్క ఎప్పుడూ చేసినట్టే క్యాబిన్‌లో అడ్డంగా కూర్చుని, వీపు తలుపుకు ఆనించి, కాలు బ్రేకు పెడలు మీద తన్ని పెట్టి లాగింది. పెడలు మెత్తగా దిగింది, ఆవిడ ఒకపక్కకు ఒరిగింది. "దీని దుంపతెగ" అని సర్దుకుని మళ్లీ లాగింది. లాగినప్పుడల్లా దిగడమే. ఊత సరిగ్గా కుదరక విసుక్కుంటూనే ఒక పక్క అంచంతా బిగించింది.

ఎండ ముదిరింది. క్యాబిన్ పొయ్యిలా ఉంది. రెండో పక్కకు జరిగి, నుదురు తుడుచుకుని, కాలు పెట్టి లాగింది. ఈసారి ఊత బాగానే కుదిరింది. ఇంకోసారి లాగింది. ఇంకా బాగా కుదిరింది. మూడోసారి తన్నిపెట్టి లాగితే కాలు ఇంచు కూడా కదల్లేదు. గచ్చు మెట్టు మీద పెట్టినట్టుంది.

సీట్లక్క చేతిలో అంచు జారిపోయింది. ఫోములో మెత్తనెంత, గట్టెంత అని వేలితో నొక్కి చెప్పే మనిషి ఆవిడ. ఇందాకటి పెడలుకూ ఇప్పటి పెడలుకూ తేడా ఆవిడకొకరు చెప్పాలా? మళ్లీ తొక్కింది. రాయి. రెండు కాళ్లూ పెట్టి తొక్కింది. రాయి. 'మూడోసారికి పెడలు రాయైపోయింది' అని ఆస్పత్రి మంచం మీద గుడ్డ కట్టిన తలతో ఆయన చెప్పిన మాట, అక్షరం పొల్లుపోకుండా, ఆవిడ అరికాలి కింద ఉంది.

"తమ్ముడూ!" అని పెట్టిన కేకకు మేస్త్రీ లేస్తూ పక్క బండి ఇరుసుకు తల బాదుకున్నాడు. వచ్చి వైరు లాగబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆపకు! నడుస్తుండగానే తొక్కు."

తొక్కాడు. ఒకసారి, రెండుసార్లు. పెడలు కదల్లేదు. గబుక్కున దిగి బానెట్ ఎత్తాడు. పెడలు ముందర, బానెట్ కింద గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. కాలు మెల్లగా తొక్కినా చక్రాలు గట్టిగా పట్టేలా బలమిచ్చేది అదే. అది పనిచెయ్యాలంటే దాని లోపలి గాలిని ఎప్పుడూ లాగేస్తూ ఉండాలి. పెట్రోలు ఇంజను తన ఊపిరితోనే ఆ పని చేస్తుంది. డీజిల్‌కు ఆ గుణం లేదు, గాలి లాగే పంపు విడిగా ఉండాలి. మేస్త్రీ పైపు పంపు దగ్గర ఊడదీసి వేలు పెట్టాడు. పంపు జుర్రుమని లాగుతోంది. పైపు మళ్లీ తొడిగి, డబ్బా దగ్గర కొస ఊడదీసి వేలు పెట్టాడు. ఏమీ లేదు.

అప్పుడు ఇంజను ఆపాడు. పైపును వేడిగా ఉండగానే ఊడబెరికి, బ్లేడుతో నిలువునా చీల్చాడు. పైకి నిగనిగలాడుతోంది. లోపలి పొర మాత్రం మెత్తబడి, ఉబ్బి, ఊడి, గొంతు వాచినట్టు దారి మూసేసింది.

"ఇది పెట్రోలు ఇంజనుకు ఉన్న పైపక్కా" అన్నాడు మేస్త్రీ. "బాగానే ఉంది కదా అని ఉంచేశాను. ఈ పంపు గాలితోపాటు ఆయిలు ఆవిరి కూడా వదులుతుంది. దీని రబ్బరు దానికి ఆగదు. వేడెక్కితే ముడుచుకుపోతుంది, చల్లారితే తెరుచుకుంటుంది. నేను ఎప్పుడు చూసినా... ఆ రోజు కూడా... చల్లారిన బండినే చూశాను."

అతను టైరు మీద కూలబడ్డాడు. కాసేపటికి తల ఎత్తి, "అక్కా, ఇప్పుడే కొత్త పైపు వేసేస్తాను. పిల్లకు ఏ భయమూ లేదు. ఇది మాత్రం మన మధ్యే ఉండనీ. గడియారాలాయనకు తెలిస్తే నా షెడ్డుకు ఒక్కడు రాడు. బావకు ఎలాగూ అలవాటైపోయింది కదా" అన్నాడు.

ఎంత మాట! అలవాటైపోయిందట. సీట్లక్కకు తమ్ముణ్ణి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఏ మొహంతో కొడుతుంది? అతను పైపు ఒకటే ఉంచేశాడు. ఆవిడ చేసింది అంతకన్నా పెద్దది. "కొత్త పైపు వెయ్యి" అని, చీల్చిన ముక్క అతని చేతిలోంచి లాక్కుని ఇంటి దారి పట్టింది.

ఆయన ముందు గదిలో పాత సీట్ల మధ్య కూర్చుని ఫోము పీకుతున్నాడు. సీట్లక్క పైపు ముక్క ఆయన ఒళ్లో పెట్టింది. ఏడుపు, మాట కలిసిపోతుంటే ఎలాగో చెప్పింది. కాలు పెట్టడం, రాయి కావడం, తమ్ముడు చీల్చి చూపడం. ఆయన ఆ ముక్కను విప్పి లోపల వేలు పెట్టి చూశాడు.

"పిల్ల ఎక్కకముందే దొరికింది" అన్నాడు.

"దొరికింది. నువ్వు చెప్పింది నిజమేనయ్యా. నేను కళ్లారా చూశాను."

"నేను చెబితే నమ్మలేదు. బండి చెబితే నమ్మావు" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, కాళ్లు పట్టుకోవడానికి దారుండేది. ఆయన లేచి చొక్కా మార్చుకున్నాడు. పైపు ముక్క జేబులో పెట్టుకున్నాడు. "పద, గడియారాలాయనకు చెప్పాలి. నువ్వూ రా. నేనొక్కణ్ణే చెబితే ఆయనా నమ్మడు."

దారిలో ఆయన ముందు, ఆవిడ వెనక. నడకలో కొత్త ఊపు ఒకటి ఆవిడ కంటపడింది. భుజాలు కాస్త లేచాయి. టీ కొట్టు దగ్గర ఎవడో "ఏం కునుకూ!" అంటే ఎప్పటిలా తల దించుకోకుండా వాడి వైపు నేరుగా చూశాడు. ఆ ఊపు చూసిన కొద్దీ సీట్లక్క అడుగులు వెనకబడ్డాయి. పైపు సంగతి చెప్పింది, ఫోను సంగతి చెప్పలేదు. చెప్పకపోయినా గడిచిపోతుందేమో. బ్రేకుదే తప్పని తేలాక ఫోను గొడవ ఎవడడుగుతాడు? తిలా పాపం తలా పిడికెడు, తన పిడికెడు తనలోనే ఉంచుకుంటే ఏం పోయింది? అని లోపలి మనిషి సన్నాయి నొక్కులు నొక్కుతూనే ఉంది.

గడియారాలాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. వంగని చెయ్యి ఒళ్లో ఉంది. మామూలుగా వచ్చే వారం కాని రోజు ఇద్దరూ కలిసి రావడం చూసి ఆశ్చర్యపోయాడు. సీట్లక్క మొగుడు పైపు ముక్క చూపించి, మేస్త్రీ చెప్పినదంతా చెప్పాడు. తడబడకుండా, వేడెక్కితే ఎలా మూసుకుంటుందో వేళ్లతో నొక్కి మరీ చూపించాడు. నాలుగేళ్లలో అంతసేపు ఆయన మాట్లాడటం ఎవరూ విని ఉండరు. గడియారాలాయన ముక్కను ఎడమచేత్తో తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. చిన్న చిన్న లోపాలు పట్టిన కళ్లు కదా, ఒక్క చూపుకే గ్రహించాడు.

"మరి ఫోను సంగతేమిటి?" అన్నాడు సీట్లక్క వైపు తిరిగి. "కళ్లు మూతలు పడుతున్నాయన్నాడని ఆ రోజు ఇన్‌స్పెక్టరుకు నువ్వే కదమ్మా చెప్పావు? నేను కింద పడి ఉండి విన్నాను."

మొగుడు ఆవిడకు అడ్డొచ్చాడు. "అలసటగా ఉందని ఏదో అనుంటానండీ. అన్నానేమో గానీ నిద్రపోలేదు" అని ఆవిడ తరఫున సర్దిచెప్పబోయాడు.

ఆ మాట విని ఆవిడ తట్టుకోలేకపోయింది. "అనలేదు" అంది. "ఏమీ అనలేదు. అసలు ఫోనే రాలేదు. తాగాడంటారని భయపడి నేనే కల్పించాను. ఆస్పత్రిలో అడిగినప్పుడు కూడా..."

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఇందాకటి నుంచి లేచి ఉన్న భుజాలు నెమ్మదిగా దిగిపోవడం మాత్రం ఆవిడకు కనబడింది. ఎప్పుడూ కూర్చునే చోటే, గుమ్మంలో, గోడ పట్టుకుని కూర్చున్నాడు.

గడియారాలాయన ఆయన మొహంలోకి చూశాడు. "ఏమయ్యా, వారం వారం వచ్చి ఇక్కడ కూర్చుని తప్పైపోయింది, తప్పైపోయింది అనేవాడివి. చెయ్యని తప్పుకు ఎందుకన్నావు?"

"చేశాననే అనుకున్నానండీ" అన్నాడు ఆయన. "ఆ రోజు నాకేమీ గుర్తులేదు. రాయిలా తగిలిందని కాలికి గుర్తుంది, అంతే. నిద్రలో అలా అనిపించిందేమో అనుకున్నా. పిల్ల ఎక్కుతానంటే మాత్రం, ఒకవేళ నిజంగానే అయిందేమోనని భయమేసింది. బయటివాళ్లు ఏదో ఒకటి అంటారు, వాళ్ల మాట పట్టించుకోలేదు. ఇంట్లో మనిషి అబద్ధమెందుకు చెబుతుంది అనుకున్నా."

గడియారాలాయన ఎడమచెయ్యి చాచి ఆయన భుజం మీద వేశాడు. లోపల్నుంచి ఇంకో కుర్చీ తెప్పించి ఆయన్ని కూర్చోబెట్టాడు. సీట్లక్క గుమ్మం బయటే నిలబడి ఉంది. ఆవిణ్ణి రమ్మని గానీ, పొమ్మని గానీ ఎవరూ అనలేదు.